అప్పగించిన సొమ్ము, అప్పజెప్పిన లెక్క

పోయిన నెల అడవిపొలంలో మన మిల్లు కుటుంబాల సహాయ నిధి గురించి మీటింగు పెట్టుకున్నాం. ఇంటికి నెలకి యాభై రూపాయలు వేసుకుందాం, చావుకో జబ్బుకో పిల్లల ఫీజుకో అక్కరకొస్తుంది అని అందరం ఒప్పుకున్నదే. పేచీ డబ్బు దగ్గర రాలేదు. మాట దగ్గర వచ్చింది. రూల్సు రాయడానికి కుర్రాళ్లు ఎక్కణ్ణించో ఇంగ్లీషు నమూనా ఒకటి పట్టుకొచ్చారు. అందులో నిధి చూసేవాణ్ని "స్టీవార్డ్" అన్నారు. వాడు చేసే పనిని "స్టీవార్డ్‌షిప్" అన్నారు. దీనికి తెలుగేంటి తాతగారూ అని నన్నడిగారు. నేను చదివింది అయిదో తరగతి. అయినా రిటైరైనవాణ్ని, ఖాళీగా ఉంటానని అడిగారు.

మీటింగులోనే తలో మాటా అన్నారు. ఒకాయన పెత్తందారు అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకాయన కాపలాదారు అన్నాడు. మరొకాయన ధర్మకర్త అంటే గౌరవంగా ఉంటుందన్నాడు. తేలలేదు. పుస్తకం నన్నే చూడమన్నారు గనక ఆ మాటేదో నేనే తేల్చుకోవాలని నాలుగు వారాలు ఆలోచించాను. నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు పెత్తనం సంగతి. పెత్తనం అంటే పెద్దరికమే. అది చెడ్డ మాటేం కాదు. కానీ మన నోళ్లలో నలిగి నలిగి దాని అర్థం మారిపోయింది. "వాడి పెత్తనమేంటి మన మీద" అంటాం. "పెత్తనం చెలాయిస్తున్నాడు" అంటాం. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పేవాడే గానీ ఎందుకు చేశావంటే జవాబు చెప్పేవాడు కాదు పెత్తందారు.

కాపలా దానికి తిరగబడిన మాట. కాపలావాడికి జవాబుదారీ ఉంది, అధికారం లేదు. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ రాత్రంతా బేళ్లకి కాపలా ఉంటాడు. తెల్లారాక ఒక్క బేలు తగ్గినా అతన్నే అడుగుతారు. కానీ వాన పడుతోంది, బేళ్లు లోపల పెట్టిద్దాం అని అతనంతట అతను అనుకోవడానికి లేదు. ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం వరకే అతని పని. నిధి చూసేవాడికి అది చాలదు. ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో కూడా అతను చూసుకోవాలి.

ధర్మకర్త పెద్ద మాట. గుడి ఆస్తి దేవుడిది, దాన్ని దేవుడి పేరున చూసుకునేవాడు ధర్మకర్త. సొమ్ము నాది కాదు అన్న సంగతి ఆ పేరులోనే ఉంది. కానీ చాలాచోట్ల ఏమైందంటే తాత ధర్మకర్త, తండ్రి ధర్మకర్త, అంచేత నేనూ ధర్మకర్తనే అనేదాకా వచ్చింది. చూసుకోమని ఇచ్చిన పని కాస్తా వాటాకొచ్చిన ఆస్తి అయిపోయింది. మన పక్క ఆంధ్రలో 1987 దేవాదాయ చట్టంతో ఈ వంశపారంపర్య ధర్మకర్తల పద్ధతి రద్దు చేశారు.

గుళ్ల దగ్గర ఇంకా మాటలున్నాయి. 1843లో కుంపిణీవాళ్లు తిరుమల గుడి వ్యవహారం హాథీరాంజీ మఠం మహంతుకి అప్పగించారు. ఆయన్ని విచారణకర్త అనేవారు. 1933లో కమిటీ వచ్చేదాకా అదే పద్ధతి. ఇప్పుడు విచారణ అంటే మనకి పోలీసులు గుర్తొస్తారు గానీ బాగోగులు విచారించుకోవడం దాని మరో అర్థం. మన యానాంలో కేతలిక్కులని అడగండి, చర్చి ఫాదరుగారిని విచారణ గురువులు అంటారు. ఆయన చూసుకునే ఊళ్లన్నీ కలిపి ఒక విచారణ. తిరుమలలోనే పారుపత్తేదారు అన్న ఉద్యోగం ఇప్పటికీ ఉంది. మసీదు వక్ఫు ఆస్తి చూసుకునే ఆయన ముతవల్లీ. తెలుగు బైబిల్లో ఈ స్టీవార్డ్ మాటకి గృహనిర్వాహకుడు అని వేశారు. యజమాని సొమ్ము పాడుచేశాడని మాట రాగానే అతన్ని పిలిచి లెక్క అప్పజెప్పమని అడిగిన కథ లూకా సువార్తలో ఉంది. ఏ మతం చూసినా ఈ పనికో పేరుంది. అంటే ఈ పని అందరికీ అవసరమే, ఈ పనిలో భయం కూడా అందరికీ ఉన్నదే.

ఆ ఇంగ్లీషు మాట పుట్టుక కూడా మా మనవరాలి చేత చూపించుకున్నాను. ఇల్లు అనే మాటా, కాపు అనే మాటా కలిసి పుట్టిందట. దొరగారి ఇంట్లో తిండీ గింజలూ తాళాలూ చూసుకునేవాడు స్టీవార్డ్. ఓడలో, విమానంలో భోజనం పెట్టేవాణ్నీ అదే అంటారు. ఇంగ్లండులో యూనియన్ తరఫున ఒక్కో డిపార్టుమెంటుకి కార్మికులు తమలోంచి ఎన్నుకున్న మనిషిని షాప్ స్టీవార్డ్ అంటారు. దొర ఇంటి తాళాల దగ్గర మొదలైన మాట కార్మికుడి దాకా వచ్చింది చూశారా.

ఇవన్నీ పెద్ద మాటలు. మన ఇళ్లల్లో మాట్లాడుకునేది వేరు. ఊరెళ్తూ పక్కింటివాళ్లతో "ఇల్లు కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంటాం. ఆ ఒక్క మాటలో ఎంతుందో చూడండి. దొంగలు పడకుండా చూడటమే కాదు. సాయంత్రం దీపం వెయ్యాలి, గేదెకి కుడితి పెట్టాలి, వానొస్తే ఆరేసిన ధాన్యం ఎత్తాలి. ఏది ఎప్పుడు అవసరమో వాళ్లే కనిపెట్టి చెయ్యాలి. అట్లాగని గేదె పాలు అమ్ముకోవడానికి లేదు. మన గోదావరి కాలవల మీద లస్కరు పని కూడా ఇలాంటిదే. నీళ్లు ఆయనవి కావు, పొలాలు ఆయనవి కావు. వంతు ప్రకారం తలుపు ఎత్తాలి, దించాలి. పై పొలం రైతు అర్ధరాత్రి వచ్చి బతిమాలినా కింద పొలం రైతు గుర్తుండాలి. ఆయన కళ్లు మూసుకుంటే శివారు పొలం ఎండిపోతుంది.

ఇక మన మిల్లు సంగతి. ముప్పై ఏళ్లపైన రింగు ఫ్రేముల మీద చేశాను. మిషను మనది కాదు, దూది మనది కాదు, తీసిన నూలు మనది కాదు. అయినా "నా ఫ్రేము, నా సైడు" అనేవాళ్లం. దసరాకి బొట్టు పెట్టేవాళ్లం. షిఫ్టు మారేటప్పుడు ఏం చేసేవాళ్లం? ఛార్జి అప్పజెప్పేవాళ్లం. ఇన్ని పోగులు తెగి ఉన్నాయి, ఈ బాబిన్లు నిండాయి, ఆ మూల స్పిండిల్ శబ్దం చేస్తోంది, చూసుకో అని చెప్పి గాని గేటు దాటేవాళ్లం కాదు. చెప్పకుండా వెళ్లిపోతే అవతలివాడి షిఫ్టు నాశనం. మా పాత మేస్త్రీ ఒకాయన కొత్తగా చేరినవాళ్లకి ఒకటే చెప్పేవాడు: "సొంతదానిలా చూసుకో. సొంతమనుకోకు."

అప్పగించడం, అప్పజెప్పడం. ఈ రెండు మాటలూ పట్టుకుంటే నాకు దారి కనపడింది. పెళ్లిలో అప్పగింతలు పెడతాం. ఆడపిల్ల తండ్రి పిల్ల చెయ్యి పాలల్లో ముంచి అత్తమామల చేతుల్లో పెడతాడు, ఇక మీరే చూసుకోవాలి అని. బళ్లో పంతులుగారు పాఠం చెప్పి మర్నాడు అప్పజెప్పమనేవారు. ఆయన ఇచ్చింది తిరిగి ఆయనకే వినిపించడం. మన భాషలో ఇవ్వడానికీ తిరిగి ఇవ్వడానికీ ఇంచుమించు ఒకటే మాట. నాకు అప్పగించారంటే నేను అప్పజెప్పాల్సిన రోజు ఒకటుందని దానర్థం.

మన యానాం చరిత్రే దీనికి ఉదాహరణ. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారు ముందు నిలబడి యానాంలో ఫ్రెంచి పెత్తనం దించారు. ఆ ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పరిపాలన ఇండియా చేతికి వచ్చింది. కానీ కాగితం మీద హక్కు ఫ్రెంచివాళ్లదే. 1956లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్సులో అది ఆమోదం పొంది, 1962 ఆగస్టు 16న గాని చట్టప్రకారం మనది ఇండియా కాలేదు. అంటే దగ్గర దగ్గర ఎనిమిదేళ్లు ఈ ఊరిని నడిపింది ఒకరు, కాగితం మీద హక్కుదారు ఇంకొకరు. మా పెద్దవాళ్లు ఆ ఎనిమిదేళ్లూ పన్ను కట్టారు, పిల్లల్ని బడికి పంపారు, పొలాలు దున్నారు. హక్కు కాగితం వచ్చేదాకా చూసుకోవడం ఆపుదాం అని ఎవరూ అనలేదు.

ఈ విషయంలో తెలుగువాళ్లందరికీ తెలిసిన కథ రామదాసుది. కంచర్ల గోపన్న గోల్కొండ తానీషా కింద తహసీల్దారు. వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టాడు. సర్కారు సొమ్ము నీదెలా అయిందని జైల్లో పెట్టారు. రాముడే వచ్చి ఆ సొమ్ము కట్టి విడిపించాడని మనం చెప్పుకుంటాం. చిన్నప్పుడు నాకు తానీషా మీద కోపం వచ్చేది. ఇప్పుడు ఇంకో సంగతి కనపడుతోంది. తినలేదు, దాచుకోలేదు, దేవుడికే పెట్టాడు. అయినా లెక్క లెక్కే. ఆ సంగతి రామదాసుకీ తెలుసు. అందుకే కీర్తనలో సీతమ్మకి ఏ నగ చేయించాడో, దేనికి ఎన్ని మొహరీలు పట్టాయో ఒక్కొక్కటీ చెప్పి ఏడ్చాడు. ఏడుస్తూ కూడా లెక్క అప్పజెప్పాడు.

ఇప్పుడు నా లెక్క అప్పజెప్పాలి.

1996లో మా ఫ్రేముల మీద నాతో పాటు పనిచేసే ఒక స్నేహితుడికి జబ్బు చేసింది. పేరు రాయను. దసరా వెళ్లాక ఆపరేషనుకి వెళ్తూ పద్ధెనిమిది వేల రూపాయలు తువ్వాల్లో మూటకట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేనొస్తే నాకివ్వు. రాకపోతే మా ఆవిడకివ్వు" అన్నాడు. అంతే. కాగితం లేదు, సాక్షి లేదు.

నవంబరు 6న తుఫాను వచ్చింది. ఆ రాత్రి సంగతి యానాంలో గానీ కోనసీమలో గానీ ఎవరికీ చెప్పక్కర్లేదు. మా ఇంటి తాటాకు కప్పు లేచిపోయింది. పిల్లల్ని మంచం కింద పెట్టి, ఆ మూట నడుముకి కట్టుకుని, దాని మీద ప్లాస్టిక్ సంచీ చుట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. ఒక్క నోటు తడవలేదు. ఆ సంగతి నేను చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను.

చెప్పుకోని సంగతి ఏంటంటే, పది రోజులు పోయాక అందులోంచి ఏడు వేలు తీసి ఇంటికి రేకులు వేయించాను. పిల్లలు వానలో ఉన్నారు, మళ్లీ పెట్టేస్తాను కదా అనుకున్నాను. డిసెంబరులో నా స్నేహితుడు పోయాడు. జనవరిలో వాళ్లావిడ మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, ఆయన ఇచ్చిన డబ్బిస్తే ఆసుపత్రికి చేసిన అప్పు తీర్చుకుంటాను" అంది. నా దగ్గర పదకొండు వేలే ఉన్నాయి. ఉన్నదిస్తే మిగతాదేదీ అంటుంది. అంచేత ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. "బ్యాంకులో వేశానమ్మా, తియ్యడానికి కొంచెం టైము పడుతుంది" అని అబద్ధం ఆడాను. ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చుకుంది. నేను మేలో చీటీ పాడుకుని పద్ధెనిమిది వేలూ పైసా తగ్గకుండా ఇచ్చేశాను. ఇచ్చేశాను గనక తప్పు తీరిపోయిందనుకున్నాను. నెలకి మూడొందల చొప్పున నాలుగు నెలలు, పన్నెండొందలు ఆవిడ కట్టిన వడ్డీ నా రేకులకి కట్టిన వడ్డీయే అని అప్పుడు లెక్క వెయ్యలేదు.

తుఫానుకి కాపలా కాశాను. నాకు నేను కాపలా కాయలేకపోయాను. కంచె చేను మేయడం అంటే ఏదో పెద్ద దొంగల సంగతి అనుకుంటాం. మన ఇంటి మీద రేకుల్లా కూడా ఉంటుంది.

రిటైరయ్యాక ఒక రోజు పన్నెండొందలు పట్టుకెళ్లి ఆవిడకి ఇచ్చి జరిగింది చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఆ రోజే తెలిసింది అన్నయ్యా. ఎప్పుడొచ్చినా వదినని కేకేసి మంచినీళ్లిమ్మనేవాడివి. ఆ రోజు గుమ్మంలోనే నిలబెట్టి పంపేశావు" అంది. డబ్బు వద్దనలేదు. లెక్కపెట్టుకుని తీసుకుంది.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ మన ఇళ్లల్లో ఇలాంటి అప్పగింతలు రోజూ జరుగుతాయి గనక రాస్తున్నాను. మనకి తెలియాల్సిన సంగతులు రెండు ఉన్నాయి.

ఒకటి, పి.ఎఫ్. 1952లో ఆ చట్టం వచ్చినప్పుడు మొదట ఆరు పరిశ్రమలకే పెట్టారు. అందులో మన బట్టల మిల్లులు ఒకటి. ఆ సొమ్ము మీద ఉన్నది ట్రస్టీల బోర్డు. అందులో ప్రభుత్వంవాళ్లు, యజమానుల తరఫువాళ్లు, కార్మికుల తరఫువాళ్లు ఉంటారు. మన జీతంలో కోసిన వాటా యజమాని దగ్గర ఉన్నంతసేపూ అది మనం అప్పగించిన సొమ్ము కిందే లెక్క. కోసుకుని కట్టకపోతే చట్టం దాన్ని ఉత్త బాకీ అనదు, నమ్మకద్రోహం నేరం అంటుంది. అంచేత పిల్లల చేత ఫోనులో పాసుబుక్కు తీయించి చూసుకుంటూ ఉండండి. అడగడం తప్పు కాదు.

రెండోది, నామినీ. బ్యాంకు ఖాతాకి నామినీగా మీ పేరుంటే ఆ సొమ్ము మీదైపోయినట్టు కాదు. బ్యాంకు మీ చేతికి ఇస్తుంది, అంతే. వారసులెవరో వాళ్లకి పంచాల్సిన పూచీ మీది. ఇది తెలియక అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నేను చూశాను.

గాంధీగారు యజమానులకి ఈ ధర్మకర్త మాటే చెప్పారు. ఆస్తి మీ చేతిలో ఉన్నా అది అందరి తరఫునా చూసుకుంటున్నారనుకోండి అన్నారు. మంచి మాట. కానీ 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికులు 35 శాతం పెంచమని అడిగితే యజమానులు 20 దగ్గరే ఆగిపోయారు. సమ్మె జరిగింది. గాంధీగారు మూడు రోజులు అన్నం మానేశారు. అప్పుడు గాని వాళ్లు మధ్యవర్తి తీర్పుకి ఒప్పుకోలేదు. నాకు దానిలో తెలిసింది ఇది: చూసుకునేవాడు ఎంత మంచివాడైనా, లెక్క అడిగేవాడు ఎదురుగా ఉండాలి. నేనూ చెడ్డవాణ్ని కాదు. నన్ను అడిగేవాళ్లు లేరు, అంతే.

మొన్న రెండో మీటింగులో పుస్తకం తీసుకోబోయే ముందు ఈ రేకుల సంగతి అందరి ముందూ చెప్పాను. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. అయితే ఇంకొకరిని చూద్దామా అని ఒకాయన మెల్లిగా అన్నాడు. అందులో తప్పేం లేదు. అప్పుడు వెనకనించి ఆవిడ లేచింది. "పుస్తకం ఆయనకే ఇవ్వండి. తాళం నాకివ్వండి" అంది.

అలాగే ఖాయం చేశాం. ఆ ఇంగ్లీషు మాటకి తెలుగు ఒక్క మాటలో దొరకలేదు గనక పుస్తకం మొదటి పేజీలో ఇలా రాయించాం: "ఈ సొమ్ము అందరిదీ. చూసుకోమని వీళ్లకి అప్పగించాం. ప్రతి నెలా మొదటి ఆదివారం అందరికీ లెక్క అప్పజెప్పాలి." కింద నా సంతకం, ఆవిడ వేలిముద్ర ఉన్నాయి.

మొదటి ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా అరుగు మీద పుస్తకం తెరిచి ఉంటుంది. నిధిలో డబ్బు వేసినవాళ్లే కాదు, ఎవరైనా రావచ్చు. వచ్చి చూడండి, అడగండి. కూర్చోమంటాను, మంచినీళ్లు కూడా ఇప్పిస్తాను.